దివిసీమలో నెబ్రాస్కా గాలిమర

బందరులో పుట్టి, బందరులోనే ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన నేను అరవై నాలుగేళ్ళ వయసులో మొదటిసారి దివిసీమ చివరిదాకా వెళ్ళాను. మా ఇంటి నుంచి కారులో రెండు గంటల దారి. ఇన్నేళ్ళూ ఎందుకు వెళ్ళలేదంటే చెప్పుకోదగ్గ కారణమేమీ లేదు. కాశీ వెళ్ళాను, కేదారం వెళ్ళాను, ఒకసారి సింగపూరు కూడా వెళ్ళి షాపుల్లో తిరిగి తిరిగి కాళ్ళ నొప్పులతో వచ్చాను. కోడూరు దాటి మాత్రం వెళ్ళలేదు. చివరికి నన్ను అక్కడికి తీసుకెళ్ళడానికి అమెరికా నుంచి డెబ్బై ఏడేళ్ళ మనిషి దిగాల్సి వచ్చింది.

ఆవిడ పేరు రూత్. నెబ్రాస్కా రాష్ట్రంలో నాలుగు వందల మంది ఉండే పల్లెటూరిలో బడిపంతులమ్మగా చేసింది. నేను పనిచేసిన కాలేజీకి ఉత్తరం రాసింది. వాళ్ళ అన్న డేల్ కుర్రతనంలో, డెబ్బై ఏడు నాటి ఉప్పెనకు నాలుగేళ్ళ ముందు, సేవ చేయడానికని మన దేశం వచ్చి దివిసీమలో ఒక పల్లెలో ఏడాది ఉన్నాడట. అక్కడ నీళ్ళు తోడే గాలిమర ఒకటి నిలబెట్టాడట. అన్న పోయాడు, నేను పోయేలోపు ఆ గాలిమర చూడాలి, మాట తర్జుమా చేసేవాళ్ళు ఎవరైనా దొరుకుతారా అని అడిగింది. ప్రిన్సిపాల్ గారు ఆ ఉత్తరం నాకు పంపిస్తూ, ఈ పనికి మీకంటే తగినవాళ్ళు లేరు మేడం అని ఒక ముక్క రాశారు. అంతే, నేను పడిపోయాను.

కోడూరులో ఎరువుల కొట్టు నడుపుకుంటున్న నా పాత విద్యార్థికి ఫోన్ చేసి గాలిమర ఇంకా ఉందా అని అడిగాను. "ఉందండి మేడం, తీసుకురండి" అన్నాడు. వెళ్ళి చూశావా అని నేను అడగలేదు. మా జిల్లాలో పుట్టిన మనిషిని, నాకు తెలిసుండాలి. దూరం నుంచి వచ్చేవాళ్ళకి లేదు అని చెప్పడం మాకు చేతకాదు. దారి అడిగినవాళ్ళకి తెలియదని చెప్పడానికి మొహమాటపడి, చెయ్యి ఎటో ఒకవైపు చూపించే జాతి మాది. దాన్ని మర్యాద అనుకుంటాం.

గుడివాడ

రూత్ విజయవాడ నుంచి రైల్లో వచ్చింది. నేరుగా బందరులోనే దిగొచ్చు కదా అంటే, కాదు, గుడివాడలోనే దిగుతానంది. డేల్ రాసిన మొదటి ఉత్తరంలో గుడివాడ స్టేషనులో దిగి ఇడ్లీ తిన్నట్టు ఉందట. ఆ ఉత్తరాలన్నీ బిస్కట్ల డబ్బాలో పెట్టుకుని తెచ్చింది. ఆ డబ్బాని ప్రయాణమంతా ఒళ్ళో నుంచి దించలేదు. పొడుగ్గా, ఎండిపోయిన చెరకుగడలా ఉంది మనిషి. నడక మాత్రం నాకంటే వేగం.

స్టేషను బయట హోటల్లో ఇడ్లీ తెప్పించాను. ప్లేటు నలభై రూపాయలు, నెయ్యి వేస్తే ఇంకో పది. అక్కడ గిన్నెలో ఉన్న కారప్పొడిని రూత్ పంచదార కలిపిన దాల్చినచెక్క పొడి అనుకుని చెంచాలతో చల్లుకుంది. వాళ్ళ ఇళ్ళల్లో రొట్టె మీద అలా చల్లుకుంటారట. మొదటి ముక్కకే కళ్ళ వెంట నీళ్ళు కారాయి. వద్దు, వేరే తెప్పిస్తానంటే వినలేదు. ముక్కు తుడుచుకుంటూ, దగ్గుతూ, మొత్తం తినేసింది. వాళ్ళ అమ్మ పెంపకంలో కంచంలో వదిలేయడం లేదట. హోటలాయన ఇదంతా చూసి జాలిపడి ఆవిడకి ఒక అరటిపండు ఊరికే ఇచ్చాడు. నా ఇడ్లీకి మాత్రం నెయ్యి డబ్బులు ముందే పట్టుకున్నాడు.

ఊరు దాటుతుంటే రైసు మిల్లులు చూసి కారు ఆపమంది. వాళ్ళ ఊళ్ళో రైలు పట్టాల పక్కన ధాన్యం నిలవచేసే సిమెంటు గోపురం ఉండేదట, పది మైళ్ళ దూరం నుంచి అది కనిపిస్తే ఇల్లు చేరినట్టేనట. కోతల రోజుల్లో అక్కడ ట్రక్కులు వరసకట్టి ఉంటే, మగవాళ్ళంతా టైర్ల మీద కూర్చుని పుచ్చకాయలు కోసుకుని తినేవాళ్ళట. ఇప్పుడు రైలు ఆగదు. గోపురంలో పావురాలు ఉంటున్నాయి.

పొలాల్లో కోతలు అవుతున్నాయి. కోత మిషను డ్రైవరు చెవుల్లో పాటలు పెట్టుకుని ఒక్కడే ఎకరాలకెకరాలు కోసిపారేస్తున్నాడు. రూత్ చాలాసేపు చూసింది. తన చిన్నప్పుడు ఊళ్ళో పది కుటుంబాలకి కలిపి ఒకే నూర్పిడి యంత్రం ఉండేదట. అది ఎవరి పొలానికి వస్తే మిగతా తొమ్మిది కుటుంబాల మగవాళ్ళు అక్కడికి వెళ్ళి పనిచేయాలి, కూలి లేదు. ఆ ఇంటి ఆడవాళ్ళు పాతికమందికి మధ్యాహ్నం భోజనం పెట్టాలి. పళ్ళు పెట్టి కాల్చే తీపి రొట్టెల దగ్గర మాత్రం పోటీ ఉండేదట. ఎవరింట్లో బాగున్నాయో మగవాళ్ళు పైకి అనేవాళ్ళు కాదు, కానీ ఎవరింట రెండోసారి అడిగారో ఆడవాళ్ళు లెక్కపెట్టుకునేవాళ్ళు. ఇది చెబుతూ ఆవిడ మొహం వెలిగిపోయింది.

నాకూ మా తాతగారి కళ్ళం గుర్తొచ్చింది. కుప్ప నూర్చే రోజున మా అమ్మమ్మ పెద్ద గంగాళంలో పప్పుచారు కాచేది. చెబుదామని నోరు తెరిచి మూసుకున్నాను. మా కళ్ళంలో పనిచేసినవాళ్ళు వంతుకి వచ్చిన ఇరుగుపొరుగు కాదు, కూలివాళ్ళు. వాళ్ళ విస్తళ్ళు దూరంగా వేసేవాళ్ళు. వెనక్కి తిరిగి చూసి మురిసిపోవడానికి అందరికీ ఒకే రకం గతం ఉండదు.

బందరు

రెండు రోజులు మా ఇంట్లోనే ఉంచుకున్నాను. తొక్కుడు లడ్డు పెడితే సగం తిని, మిగిలిన సగాన్ని కాగితంలో చుట్టి చేతిసంచిలో దాచుకుంది. మర్నాడు తీసి తింది. కిలో ఎంత అని అడిగి, రూపాయల్ని డాలర్లలోకి మార్చుకుని, ఇంత నెయ్యి ఇంత చవకా అంది. అది చవకని నేనెప్పుడూ అనుకోలేదు.

ఊళ్ళో ఏం చూస్తావంటే సమాధులు చూస్తానంది. డచ్చివాళ్ళ పాత గోరీల దగ్గరకు తీసుకెళ్ళాను. పిచ్చిమొక్కల మధ్య, చెక్కిన రాళ్ళ మీద ఎవరివో వంశ చిహ్నాలు, ఓడలు. నేలకి ఒంగి ఒక రాతి మీద ఆకులు చేత్తో తుడవడం మొదలుపెట్టింది. వాళ్ళ ఊళ్ళో ఏడాదికొకసారి, వేసవి మొదట్లో, అందరూ కాఫీ డబ్బాల్లో పూలు పెట్టుకుని శ్మశానానికి వెళ్తారట. తమవాళ్ళవే కాదు, ఎవరూ మిగలని కుటుంబాల గోరీలు కూడా తుడిచి పూలు పెడతారట. ఇప్పుడు తుడిచేవాళ్ళు ఏడుగురున్నారు, అందులో చిన్నదాన్ని నేనే అంది. శ్మశానానికి పూలతో సరదాగా వెళ్ళడమేమిటో నాకు వంటబట్టలేదు. ఇంటికి రాగానే రూత్, ఇది మీకు మైలేమో అన్నట్టు నా మొహం వంక చూసింది. మేం అవన్నీ పట్టించుకోం అన్నాను. ఆవిడ గదిలోకి వెళ్ళాక స్నానం చేశాను.

ఆ సాయంత్రం చెప్పింది అసలు సంగతి. డేల్ నిలబెట్టిన గాలిమర కొత్తగా కొన్నది కాదు. వాళ్ళ ఇంటిదే. వాళ్ళ తాత కాలం నుంచి దొడ్లో నిలబడి, ఇంటికీ పశువులకీ నీళ్ళు తోడిన మర. కరెంటు మోటారు వచ్చాక ఖాళీగా తిరుగుతుండేది. డేల్ ఇక్కడినుంచి ఉత్తరం రాస్తే, వాళ్ళ నాన్నా చర్చివాళ్ళూ కలిసి దాన్ని దించి, రేకులు, పళ్ళచక్రాలు విడగొట్టి, పెట్టెల్లో పెట్టి ఓడ మీద పంపించారట. కింది ఇనప కాళ్ళు మాత్రం ఇక్కడే చేయించారు. గాలి ఆగిపోయి మర చప్పుడు ఆగితే వాళ్ళ అమ్మకి నిద్రలో కూడా మెలకువ వచ్చేదట, పశువులకి నీళ్ళు లేవని.

తర్వాత కొన్నేళ్ళకి వ్యవసాయం కలిసిరాక పొలం పోయింది. కొన్న కంపెనీ వాళ్ళు ఇంటిని బుల్‌డోజరుతో గోతిలోకి తోసి, మట్టి కప్పి, మీద మొక్కజొన్న వేశారు. ఆవిడ చదివిన బడి, తర్వాత ఆవిడే పాఠాలు చెప్పిన బడి, ఎనిమిది తరగతులకీ కలిపి ఒకే గది ఉన్న బడి, అదీ మూసేశారు. చలికాలంలో పిల్లలు బంగాళాదుంపల మీద మేకుతో పేర్లు గీసి తెచ్చి, పొద్దున్నే పొయ్యి మీద పెట్టేవాళ్ళట. మధ్యాహ్నానికి ఉడికేవి. ఎవరి పేరున్న దుంప వాళ్ళది. ఆ గదిని ఇప్పుడు చక్రాల మీద పట్టణానికి లాక్కెళ్ళి మ్యూజియంలో పెట్టారు. రూత్ అక్కడ జీతం లేకుండా పనిచేస్తుంది, వచ్చిన పిల్లలకి ఇవన్నీ చూపిస్తుంది. చివర్లో దివిసీమ గాలిమర కథ చెబుతుంది.

"మాది అన్నది ఏదీ మిగల్లేదు శారదా" అంది. "ఒక్క ఆ మర. అది భూమికి అవతలి వైపున ఎవరికో మంచినీళ్ళు ఇచ్చిందన్న మాట మీద మా అమ్మ చివరి ఇరవయ్యేళ్ళు బతికింది."

ఆ మాట విన్నాక, ఎరువుల కొట్టు అబ్బాయికి మళ్ళీ ఫోన్ చేశాను. ఉంది కదా అన్నాను. ఉందండి అన్నాడు. తిరుగుతోందా అన్నాను. నిలబడే ఉందండి అన్నాడు.

మంగినపూడి

మధ్యలో ఒక పూట సముద్రానికి తీసుకెళ్ళాను. సముద్రం అంత దగ్గరగా చూడటం రూత్‌కి అది మూడోసారట. నీళ్ళలో అడుగుపెట్టిన నిమిషానికే అల వచ్చి ఒక చెప్పు లాక్కుపోయింది. రెండో చెప్పుని అక్కడే ఒడ్డున వదిలేసి, నూట యాభై పెట్టి రబ్బరు చెప్పులు కొన్నాం.

ఒడ్డున బొగ్గుల మీద మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మే ఆయన దగ్గర ఆగాం. వాళ్ళ ప్రాంతమంతా మొక్కజొన్నే. అయితే అది పశువులకీ, కార్లలో పోసే ఇంధనానికీ. మనుషులు తినేది తక్కువ. రూత్ ఒక పొత్తు తీసుకుని, దీంట్లో వరసలు ఎప్పుడూ సరిసంఖ్యలోనే ఉంటాయి, లెక్కపెట్టమనండి అంది. ఆయన నమ్మలేదు. ఒకటి లెక్కపెట్టాడు, పద్నాలుగు. ఇంకోటి, పదహారు. బేరం వదిలేసి బుట్టలో ఉన్నవన్నీ తిరగేయడం మొదలుపెట్టాడు. పన్నెండేళ్ళుగా ఇవే అమ్ముతున్నానండి, ఎప్పుడూ చూడలేదు అన్నాడు. వచ్చేటప్పుడు డబ్బులు తీసుకోనన్నాడు. ఈ ప్రయాణంలో అందరమూ ఒకేసారి నవ్వింది అక్కడే.

అవనిగడ్డ మీదుగా

మూడో రోజు పొద్దున్నే బయల్దేరాం. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ. మోపిదేవిలో గుడి ముందు కారు ఆపి దణ్ణం పెట్టుకుని వచ్చేలోపు రూత్ ఒక ముసలమ్మ దగ్గర జామకాయలు కొని, నేను చెప్పకుండానే ఉప్పూకారం వద్దని చేత్తో సైగ చేసింది.

దారి పొడుగునా కృష్ణ కాలవలు. గుర్రపుడెక్క కమ్మేసి, పచ్చటి చాప పరిచినట్టు ఉంది, నీరు ఎక్కడుందో తెలియదు. అవనిగడ్డ దాటాక వరి తగ్గి రొయ్యల చెరువులు మొదలయ్యాయి. నీళ్ళను గిలక్కొట్టే చక్రాలు గుండ్రంగా తిరుగుతున్నాయి. కోడూరు చేరేసరికి ప్రతి కిరాణా కొట్టు ముందూ నీలం రంగు నీళ్ళ డబ్బాలు. ఇరవై లీటర్లు ఇరవై రూపాయలు, ఇంటికి తెచ్చిస్తే ఇరవై ఐదు. ఎటు చూసినా నీళ్ళే, తాగేవి మాత్రం డబ్బాలో. కృష్ణానది సముద్రంలో కలిసే చోట కృష్ణ నీళ్ళు దొరకవని నేను రూత్‌కి వివరించలేకపోయాను. నాకే అర్థం కాలేదు. యాభై కిలోమీటర్ల దూరంలో ఉండి, నా జీవితమంతా ఇది తెలియకుండా గడిపేశాను.

ఎరువుల కొట్టు అబ్బాయి మాకు టీ ఇప్పించి, పాలకాయతిప్ప వైపు దారి చూపించి, కొట్టులో పనుందని ఆగిపోయాడు. వస్తే బాగుండదని వాడికి తెలుసని ఇప్పుడు అనిపిస్తోంది.

గాలిమర

ఊరి పేరు రాయను. సముద్రానికి మైలు దూరం, ఇసుక నేల, సరుగుడు చెట్లు, ఎనభై గడప ఉంటుంది. వేటకెళ్ళేవాళ్ళు, ఎండుచేపలు అమ్ముకునేవాళ్ళు. గాలిమర నిజంగానే ఉంది. అంటే, దాని కాళ్ళు ఉన్నాయి. నాలుగు ఇనప కాళ్ళ గోపురం తుప్పుపట్టి, ఒకవైపు ఒరిగి నిలబడింది. పైన చక్రం లేదు, ఉప్పెన గాలికి ఊడిపోయిందట. చక్రం ఉండాల్సిన చోట రామాలయం మైకు కట్టారు. కాళ్ళకి తాళ్ళు కట్టి వలలు ఆరేశారు. మర రేకుల్లో ఒకటి పక్కింటి కోళ్ళ గూటికి తలుపైంది.

రూత్ బాధపడుతుందనుకున్నాను. పడలేదు. కోళ్ళ గూటి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆ రేకుని తడిమింది. అంచున ఒక సొట్ట ఉంది. చిన్నప్పుడు డేల్ రాయి విసిరితే పడ్డ సొట్ట, నాన్న కొట్టాడు కూడా అని చెప్పి, అలాగే రేకు మీద చెయ్యి ఉంచేసింది. ఇరవైమంది ఆడవాళ్ళు చుట్టూ చేరారు. కుర్చీ వేశారు, కూల్‌డ్రింకు తెచ్చారు. గాలిమర దొరగారి చెల్లెలంట అని ఒకరికొకరు చెప్పుకున్నారు. దొరగారి పేరు వాళ్ళకి గుర్తుంది. నేను సంతోషించాను.

ఆయన్ని బాగా ఎరిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగితే, నాంచారమ్మని పిలిచారు.

నాంచారమ్మ చెప్పింది

అరవై దాటిన మనిషి. కోడూరు సంతలో ఎండుచేపలు అమ్మి అప్పుడే వచ్చింది. బుట్ట దించి, చేతులు కడుక్కుని, కుర్చీలో కూర్చోకుండా నేల మీద కూర్చుని, నెమ్మదిగా చెప్పింది.

దొరగారు రాకముందు ఊరికి చెలమలు ఉండేవి. ఇసకలో మూరెడు లోతు తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరేవి. వానలకి ఇంకిన నీరు ఇసకలో పైన పల్చగా తేలుతుంది, దాని కింద ఉన్నదంతా ఉప్పు. అందుకని ఎవరూ లోతు తవ్వేవాళ్ళు కాదు. కొబ్బరిచిప్పతో కొంచెం తోడి, ఊరేదాకా కూర్చుని, మళ్ళీ తోడేవాళ్ళు. దొరగారికి అది చూస్తే జాలేసింది. వాళ్ళ దేశంలో ఎంత లోతుకి వెళ్తే అంత మంచి నీళ్ళట. లోతుగా గొట్టం దించి మర బిగించాడు. ఊరంతా పండగ చేసుకుంది. రెండు నెలలు బాగానే వచ్చాయి. ఇక్కడి గాలి ఆగదు, మరా ఆగలేదు, రాత్రీ పగలూ తోడేసింది. మూడో నెలలో నీళ్ళు ఉప్పెక్కాయి. మర నీళ్ళే కాదు, చుట్టుపక్కల చెలమలన్నీ ఉప్పెక్కాయి. మర ఆపినా మళ్ళీ తియ్యగా అవలేదు.

ఎదురుగా రూత్ ఒళ్ళో డబ్బా పెట్టుకుని, ముందుకు ఒంగి, నా నోటి వంక చూస్తోంది. పదివేల మైళ్ళ దూరం వచ్చిన మనిషి. మా ఊళ్ళో పూర్వం దొరలకి మాట తర్జుమా చేసే దుబాసీలు ఉండేవాళ్ళు, రెండువైపులా మెప్పించి బతికేవాళ్ళు. నేనూ అదే చేశాను. మీ అన్న రాకముందు నీళ్ళకి చాలా కష్టపడేవాళ్ళట, ఇసకలో చిప్పలతో తోడుకునేవాళ్ళట, ఆయన మర పెట్టాక ఊరంతా పండగ చేసుకుందట అన్నాను. ఒక్క మాట కూడా కల్పించలేదు. సగం దగ్గర ఆపానంతే.

రూత్ మొహమంతా నవ్వు. వంగి నాంచారమ్మ చెయ్యి పట్టుకుంది.

నాంచారమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఏవండీ మేడంగారూ, నే చెప్పింది చెప్పారా ఆవిడకి?"

చెప్పానన్నాను.

"మరెందుకు నవ్వుతుందండీ? మా నీళ్ళు పోయినయ్యని చెప్తే ఎవరన్నా నవ్వుతారా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నా వంక చూశారు. నలభై ఏళ్ళు క్లాసులో నిలబడ్డాను, అంత సిగ్గు ఎన్నడూ పడలేదు. రూత్‌కి తెలుగు రాదు గానీ, ఆవిడా బడిపంతులమ్మే. నవ్వు పోయింది. "ఆమె చెప్పినదాంట్లో నువ్వేదో వదిలేశావు. పిల్లలు అబద్ధం చెప్పేటప్పుడు మొహం ఇలాగే పెట్టేవాళ్ళు. మొత్తం చెప్పు" అంది.

మొత్తం చెప్పాను. రూత్ డబ్బా తెరిచి ఉత్తరాలు ఒక్కొక్కటీ తీసి తేదీలు చూసింది. మర పెట్టిన ఐదో నెలలో రాసిన ఉత్తరంలో, మర చక్కగా తిరుగుతోంది, నాన్నకి చెప్పండి అని ఉంది. వాళ్ళ నాన్న ఆ ఉత్తరాన్ని చర్చిలో నిలబడి చదివాడట. మ్యూజియంలో గాలిమర కథ పెట్టినప్పుడు డేల్ రానన్నాడట. సిగ్గరి, పొగిడితే ఓర్చుకోలేడు అనుకున్నారట అందరూ. "మా అమ్మకి కూడా చెప్పలేదు" అంది. కోపంగా అంది. పోయినవాడి మీద కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఆ కాగితాల్ని గట్టిగా పట్టుకుంది.

తర్వాత ఆయనేం చేశాడో అడగమంది. ఇంకో మూడు చోట్ల తవ్వాడట, అన్నీ ఉప్పే. చివరికి తనే పైకెక్కి చక్రాన్ని తాడుతో కట్టేశాడట. వెళ్ళేరోజున ఎవరి మొహమూ చూడలేదట.

"మా అమ్మ పాపం అనేదండి. పిల్లోడు మంచి చేద్దామనే వచ్చాడు కదా అనేది" అంది నాంచారమ్మ. "నేననలేదు. మంచినీళ్ళ బావి రెండు మైళ్ళు దూరమైపోతే మొయ్యాల్సింది నేనే కదండీ. ఇంట్లో పెద్దపిల్లని. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు. మూడో తరగతిలో బడి మానేశాను."

అదీ రూత్‌కి చెప్పాను. ఆవిడ కాగితాల్ని మళ్ళీ డబ్బాలో సర్దబోతే, వాటి మధ్య నుంచి ఒక ఫొటో జారి ఇసకలో పడింది. రూత్ తియ్యబోయేలోపే నాంచారమ్మ తీసింది. గాలిమర తిరగడం మొదలైన రోజున తీసిన ఫొటో. సన్నటి తెల్ల కుర్రాడు, చుట్టూ పదిమంది పిల్లలు. నాంచారమ్మ దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, ముందు వరసలో ఒక పిల్ల మీద వేలు పెట్టింది. రెండు జడలు, గుండెకి ఆనించి పట్టుకున్న పలక.

"ఇది నేనేనండీ. బళ్ళోంచి అట్టాగే పరిగెత్తుకొచ్చాం."

పక్కవాళ్ళు ఒంగి చూసి అవునవును అన్నారు. ఇది మీ దగ్గర ఎందుకుందని అడిగింది. ఇదే ఫొటో పెద్దది చేసి అక్కడ మ్యూజియంలో గోడకి పెట్టారని, బడిపిల్లలు వచ్చి చూస్తారని రూత్ అంటే, అదే నేను చెప్పాను. నాంచారమ్మ ఆశ్చర్యపోయింది. కొంచెం సంబరపడింది కూడా, దాచుకోలేకపోయింది.

"నా ఫొటోనా? నా గురించి ఏం చెప్తారండీ పిల్లలకి?"

రూత్‌ని అడిగాను. ఆవిడ తల దించుకుంది. ఒక్కో మాటా పేర్చుకుంటూ చెప్పింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ పలక పట్టుకున్న పిల్లని వేలితో చూపించి, ఊళ్ళోకి నీళ్ళు వచ్చాయి కాబట్టి ఈ పిల్ల నీళ్ళు మొయ్యక్కర్లేకుండా బడికి వెళ్ళగలిగింది అని చెబుతోందట. డేల్ అలా రాయలేదట. తనే అనుకుందట. పిల్లలు తర్వాత ఏమైంది అని అడుగుతారు కదా అంది.

మార్చకుండా చెప్పాను. నాంచారమ్మ ఫొటో వంకే చూస్తోంది.

"ఎంతవరకు చదివానంటండీ?"

రూత్‌ని అడిగాను. "టీచరు అయిందని చెప్పాను" అంది రూత్, వినపడీ వినపడనట్టు.

ఆ మాటనీ తెలుగులో చెప్పాను. నాంచారమ్మ తలూపింది. ఫొటోకి అంటిన ఇసక చీర చెంగుతో తుడిచి, రెండు చేతులతో రూత్ ఒళ్ళో పెట్టింది.

"పోన్లెండి" అంది. "అక్కడన్నా చదువుకున్నాను."

రూత్ నా వంక చూసింది. ఏమందని అడిగింది. చెప్పాను.